ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదా? బక్కపల్చని వాళ్లు ఆరోగ్యంగా బరువు పెరిగే పద్ధతి

లావుగా ఉన్నవాళ్లని మొహం మీద ఏదైనా అనడానికి ఈ రోజుల్లో జనం కాస్త వెనకాడుతున్నారు గానీ, సన్నగా ఉన్నవాళ్లు కనిపిస్తే మాత్రం ఎవరికీ మొహమాటం ఉండదు. "ఏంట్రా, మీ ఇంట్లో అన్నం పెట్టట్లేదా", "గాలొస్తే ఎగిరిపోతావు, జాగ్రత్త" అంటూ మొదలుపెడతారు. పెళ్లిచూపుల సమయమైతే ఇక చెప్పక్కర్లేదు. ఈ మాటలు పడలేక చాలామంది చేసే మొదటి పని మెడికల్ షాపుకి వెళ్లి "అన్నా, ఒళ్లు రావడానికి ఏదైనా ఇవ్వు" అని అడగడం. అసలు తంటా అక్కడే మొదలవుతుంది, దాని సంగతి కింద వివరంగా చెప్తాను.

"ఎంత తిన్నా ఒంటికి పట్టదు" అనేవాళ్లలో ఎక్కువమంది తాము ఎంత తింటున్నారో ఎప్పుడూ లెక్క చూసుకోలేదు. ఒక పూట కంచం నిండా తిన్నది గుర్తుంటుంది, తర్వాత రెండు పూటలు టీ బిస్కెట్లతో గడిపేసింది గుర్తుండదు. అందుకే ఈ పద్ధతిలో కొత్త డైట్ చార్టులు ఏమీ లేవు. ఇప్పుడు తింటున్నది మార్చకుండా, దానిమీదే రోజూ కొంచెం కలుపుకుంటూ పోవడం, ఆ కలిపింది పొట్టలోకి కాకుండా కండలోకి వెళ్లేలా చూసుకోవడం, అంతే. వినడానికి సింపుల్‌గానే ఉంటుంది, రోజూ చేయడమే కష్టం.

మొదటి మెట్టు: నిజంగా బరువు తక్కువేనా, చూసుకోండి

కిలోల్లో మీ బరువుని, మీటర్లలో మీ ఎత్తుతో రెండుసార్లు భాగించండి. వచ్చేదే బీఎంఐ. ఉదాహరణకి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్న ఒక కుర్రాణ్ణి అనుకుందాం, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 48 కిలోలు. 48ని 1.7తో ఒకసారి, మళ్లీ 1.7తో ఇంకోసారి భాగిస్తే 16.6 వస్తుంది. 18.5 కంటే తక్కువ ఉంటే బరువు తక్కువ అని లెక్క. ఈ కుర్రాడు ఆ గీత దాటాలంటే కనీసం 53.5 కిలోలు ఉండాలి, అంటే ఐదున్నర కిలోలు పెరగాలి. ఇక్కణ్ణుంచి కింద అన్ని లెక్కలకీ ఇతన్నే తీసుకుంటాను, మీ ఎత్తు, బరువు బట్టి మీరు మార్చుకోండి.

మీ బీఎంఐ 19, 20 దగ్గర ఉండి, ఓపిక బాగానే ఉండి, కేవలం చుట్టాల మాటల వల్ల టెన్షన్ పడుతుంటే మీకు కావలసింది బరువు కాదు, కాస్త కండ. నేరుగా వ్యాయామం దగ్గరకి వెళ్లిపోండి. బరువు తక్కువగా ఉండటం మన దగ్గర వింతేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 18.7 శాతం మంది బీఎంఐ 18.5 కంటే తక్కువే.

బీఎంఐ 16 కంటే తక్కువ ఉన్నా, జబ్బు చేసో మరే కారణంతోనో చాలా రోజులుగా దాదాపు ఏమీ తినకుండా ఉన్నా, ఈ పద్ధతి సొంతంగా మొదలుపెట్టకండి. బాగా చిక్కిపోయిన ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ తిండి పెడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం లాంటివి ఉన్నట్టుండి పడిపోయి గుండెకే ప్రమాదం వస్తుంది. అలాంటి వాళ్లకి తిండి ఎలా పెంచాలో డాక్టర్ దగ్గరుండి చూడాల్సిందే.

రెండో మెట్టు: డాక్టర్ దగ్గరకి ఒక్కసారి వెళ్లి రండి

చిన్నప్పట్నుంచీ సన్నగానే ఉన్నారు, ఇంట్లో నాన్న, బాబాయి కూడా అంతే అంటే పెద్దగా కంగారు లేదు. కానీ నిరుడు సరిపోయిన ప్యాంటు ఈ ఏడు జారిపోతోంది, మీరు తగ్గాలని ఏమీ చేయలేదు అంటే అది వేరే కథ. ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఉన్న బరువులో ఐదు శాతం, అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు, కారణం తెలియకుండా తగ్గితే సున్నుండల కంటే ముందు పరీక్షలు కావాలి.

మన దగ్గర మొదట అనుమానించాల్సింది టీబీ. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి లేకపోవడం, వీటిలో ఏది ఉన్నా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి, అక్కడ పరీక్షా మందులూ రెండూ ఉచితమే. టీబీకి మందులు వాడుతున్న వాళ్లకి నిక్షయ్ పోషణ్ యోజన కింద తిండి కోసం ఇచ్చే డబ్బుని 2024 నవంబర్ నుంచి నెలకి 500 నుంచి 1,000 రూపాయలకి పెంచారు, చాలామందికి ఈ సంగతి తెలియక అడగరు.

రెండోది థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం. బాగా ఆకలేస్తుంది, బాగా తింటారు, అయినా తగ్గిపోతుంటారు, గుండె దడ, చేతులు సన్నగా వణకడం, ఫ్యాన్ కింద కూర్చున్నా చెమట. మూడోది షుగర్. షుగర్ అంటే లావుగా ఉన్నవాళ్లకే అనుకుంటాం గానీ, చిన్న వయసులో వచ్చే టైప్ 1 షుగర్ మనిషిని కొద్ది వారాల్లోనే ఎండబెట్టేస్తుంది. దాహం, పదే పదే మూత్రం దాని గుర్తులు. ఇవి కాక తరచుగా విరేచనాలు, నులిపురుగులు, రక్తహీనత, పళ్ల నొప్పి (నవ్వకండి, పెద్దవాళ్లు తిండి తగ్గించడానికి ఇదే పెద్ద కారణాల్లో ఒకటి), డిప్రెషన్, అసలు తినాలంటేనే భయం. ఆడపిల్లలకి నెలసరి ఆగిపోతే శరీరానికి చాలినంత శక్తి అందట్లేదని అది చెప్పే గుర్తు కావచ్చు, వాయిదా వేయకండి.

మామూలుగా డాక్టర్ రాసేవి సీబీపీ (రక్తకణాల లెక్క), పరగడుపు షుగర్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), మూత్రం, అవసరమైతే మలపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే. ప్యాకేజీల పేరుతో ఎనభై రకాల టెస్టులు చేయించుకోవాల్సిన పనిలేదు.

మూడో మెట్టు: ఏడు రోజులు రాసిపెట్టండి

ఫోన్లో నోట్స్ తెరిచి, వారం రోజులు నోట్లోకి వెళ్లిన ప్రతిదీ రాయండి. నచ్చింది, నచ్చనిది, పక్కవాడి ప్లేట్లోంచి తీసుకున్న మిర్చీ బజ్జీతో సహా. ఆ వారం ఏమీ మార్చకండి, ఉన్నది ఉన్నట్టు రాయడమే.

మన హాస్టల్ కుర్రాడి మామూలు రోజు ఇలా ఉంటుంది. పొద్దున నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ, దాదాపు 330 కేలరీలు. పదకొండింటికి టీ, 80. మధ్యాహ్నం మెస్‌లో అన్నం, నీళ్లలాంటి పప్పు, వేపుడు, మజ్జిగ, అన్నీ కలిపి 700. సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు, 180. రాత్రి మూడు పుల్కాలు, కూర, 360. కూడితే 1,650. ఆదివారం బిర్యానీ, వారం మధ్యలో ఎవరిదో బర్త్‌డే కేక్ కలుపుకుని సగటు తీస్తే 1,800 దగ్గర ఆగుతుంది. కానీ ఇతనికి గుర్తుండేది ఆదివారం బిర్యానీ. అడిగితే "నేను ఫుల్‌గా తింటానండి" అంటాడు, అబద్ధమేమీ కాదు, బిర్యానీ ఫుల్‌గానే తిన్నాడు.

బరువు నిలకడగా ఉందంటే ఆ వారం సగటే మీ ఒంటికి సరిపోతున్న లెక్క. దానికి రోజూ 400, 500 కేలరీలు కలపాలి. ఫార్ములాల జోలికి పోకండి, మీ సొంత లెక్క కంటే మంచి ఫార్ములా లేదు.

నాలుగో మెట్టు: ఉన్న కంచం మీదే కలపండి

చాలామంది చేసే పొరపాటు, ఇంకో రెండు ముద్దలు అన్నం ఎక్కువ తిందామని చూడటం. వండిన అన్నంలో సగం పైగా నీళ్లే, వంద గ్రాములకి 130 కేలరీలు వస్తాయి, కడుపు మాత్రం ఉబ్బిపోతుంది. మీకు కావలసింది తక్కువ చోట ఎక్కువ శక్తి ఇచ్చేవి. అవి మన వంటింట్లోనే ఉన్నాయి.

నెయ్యి ఒక టీ స్పూన్ 45 కేలరీలు. మధ్యాహ్నం పప్పన్నంలో ఒకటి, రాత్రి పుల్కాల మీద ఒకటి, 90. వేయించిన పల్లీలు ఒక గుప్పెడు, 30 గ్రాములు, 165. పడుకునే ముందు ఫుల్ క్రీమ్ పాలు 200 మిల్లీలీటర్లు, 175. మొత్తం 430. మిగతాదంతా పాతదే, అదే మెస్, అదే ఇడ్లీ. మొదటి రెండు వారాలు ఇంతే చేయండి, ఇంకేమీ వద్దు. ఒక్కసారిగా ఆరు పూటల టైమ్ టేబుల్ పెట్టుకున్న వాళ్లు నాలుగో రోజుకి అజీర్తి చేసి మానేస్తారు. (హాస్టల్లో నెయ్యి సీసా మెస్ టేబుల్ మీద పెట్టకండి, మీ బరువు పెరగదు గానీ రూమ్మేట్లది పెరుగుతుంది.)

రెండు వారాల తర్వాత ఇలా ఒక్కొక్కటే చేర్చుకోవచ్చు. ఇడ్లీ తినే రోజు కారంపొడిలో ఇంకో స్పూన్ నెయ్యి. వారంలో రెండు రోజులు ఇడ్లీ బదులు పెసరట్టు, ఉప్మాతో అయితే ఇంకా మంచిది. అన్నంలో మొదటి ముద్ద కందిపొడి లేదా నువ్వులపొడితో. మజ్జిగ బదులు మీగడ ఉన్న పెరుగు, ఈ ఒక్క మార్పుతోనే వంద కేలరీలు తేడా వస్తుంది. నీళ్ల పప్పు తినే చోట ముద్దపప్పు దొరికితే వదలకండి. కూరల్లో చిలగడదుంప, కంద, చామదుంప వచ్చిన రోజు ఇంకో గరిటె వేయించుకోండి. పళ్లలో అరటి, సపోటా, వేసవిలో మామిడి. పుచ్చకాయ మంచిదే గానీ బరువు పెరగడానికి పనికిరాదు, కడుపంతా నీళ్లు. పాలు పడని వాళ్లు, అంటే తాగగానే గ్యాస్, విరేచనాలు అయ్యేవాళ్లు, పెరుగుతో సరిపెట్టుకోండి, చాలామందికి అది పడుతుంది. పల్లీల్లో ముడుచుకుపోయినవి, బూజు పట్టినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయండి, ఆ బూజు విషం కాలేయానికి చెడ్డది. పల్లీలు పడనివాళ్లు వాటి జోలికే పోవద్దు.

తినడం కష్టంగా ఉంటే తాగండి. పావు లీటరు పాలు, ఒక అరటిపండు, గుప్పెడు వేయించిన పల్లీలు, మూడు ఖర్జూరాలు మిక్సీలో వేస్తే 550 కేలరీల దాకా వస్తుంది, రెండు నిమిషాల్లో తాగేయొచ్చు. మార్కెట్లో డబ్బాల్లో అమ్మే మాస్ గెయినర్లలో ఎక్కువ భాగం మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండి పదార్థం, కొంచెం పాలపొడి, వాసన. లేబుల్ తిప్పి చదివితే మీకే తెలుస్తుంది. వేలు పోసి కొనుక్కునే పిండి ఇది, నా లెక్కలో దండగ.

ఇంట్లో అమ్మో అమ్మమ్మో ఉంటే అసలైన మాస్ గెయినర్ వాళ్ల దగ్గరే ఉంది, సున్నుండలు. రెండు గ్లాసుల మినపగుళ్లు, పొట్టు మినుములైతే ఇంకా రుచి, మందపాటి మూకుడులో సన్న సెగ మీద కలుపుతూనే వేయించాలి. పెద్ద మంట పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది, అప్పుడు ఆ ఉండ తింటే నాలుకకి జిగటగా, పచ్చివాసనగా తగులుతుంది. గింజ కొరికి చూస్తే కరకరమని విరగాలి, ఇల్లంతా కమ్మటి వాసన రావాలి, అదీ గుర్తు. పూర్తిగా చల్లారాక పిండి పట్టించి, గ్లాసున్నర తురిమిన బెల్లం కలిపి ఇంకోసారి మిక్సీలో తిప్పి, గోరువెచ్చగా కరిగించిన నెయ్యి అర గ్లాసుతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పోస్తూ ఉండ కట్టాలి. పిడికిట్లో నొక్కితే విరిగిపోతుంటే నెయ్యి చాలలేదని. నిమ్మకాయంత, అంటే 40 గ్రాముల ఉండలో సుమారు 180 కేలరీలు, నాలుగు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఊరెళ్లి వచ్చినప్పుడల్లా ఒక డబ్బా తెచ్చుకుంటే రెండు వారాలు గడిచిపోతాయి. సున్నుండలు కుదరకపోతే నువ్వుల ఉండలు, పల్లీ పట్టి. షుగర్ ఉన్నవాళ్లకి ఈ పేరా వర్తించదు.

ఐదో మెట్టు: మాంసకృత్తుల లెక్క

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు సరిపోతాయి. మన కుర్రాడికి 40 గ్రాములు. కానీ బరువులెత్తి కండ పెంచాలనుకునే వాళ్లకి కిలోకి 1.2 నుంచి 1.6 దాకా ఉంటే మంచిది, అంటే 58 నుంచి 77 గ్రాములు.

ఇది అందుకోవడం అనుకున్నంత కష్టం కాదు. రెండు గుడ్లు 12, చిక్కటి పప్పు రెండు పూటలా కలిపి 16, పాలు 6, పల్లీలు 7, ఒక కప్పు పెరుగు 6, అన్నం, ఇడ్లీ, పుల్కాల్లోంచి వచ్చేది 15. చేరిపోయారు. చికెన్, చేపలు తిన్న రోజు ఇంకా ఎక్కువే. శాకాహారులకి మీల్ మేకర్ చవకలో దొరికే మంచి వస్తువు, 30 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 15 గ్రాముల దాకా ఉంటాయి. మెస్‌లో ఒక్క సోమవారమే గుడ్డు పెడతారంటే బయట ఉడికించిన గుడ్డు కొనుక్కోండి, అందులో నామోషీ ఏమీ లేదు.

పచ్చి గుడ్డు పాలల్లో కొట్టుకుని తాగితే ఒళ్లొస్తుందని ఇప్పటికీ జిమ్ముల్లో చెప్తుంటారు. నిజానికి ఉడికించిన గుడ్డులోని మాంసకృత్తులు 90 శాతం వరకు ఒంటికి పడితే, పచ్చి గుడ్డులోవి సగం మాత్రమే పడతాయి, పైగా కడుపులో ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం. ఉడికించుకుని తినండి.

ఆరో మెట్టు: ఆకలిని చంపుకోకుండా ఉండటం

సన్నగా ఉన్నవాళ్లలో చాలామంది ఆకలిని టీతో చంపేస్తారు. పరగడుపున టీ, పదకొండింటికి టీ, భోజనానికి అరగంట ముందు టీ. మానేయమనట్లేదు, భోజనానికి గంట ముందూ గంట తర్వాతా వద్దు. టీ వల్ల తిండిలోని ఐరన్ కూడా సరిగ్గా ఒంటికి పట్టదు, రక్తం తక్కువున్న ఆడవాళ్లకి ఇది మరీ ముఖ్యం. అన్నానికి కూర్చోగానే గ్లాసెడు నీళ్లు గటగటా తాగే అలవాటు ఉంటే అదీ మానేయండి, మధ్యలో గుక్కెడు, తిన్నాక మిగతాది. సిగరెట్ ఆకలిని చంపుతుంది, ఇది చెప్తే ఎవరికీ నచ్చదు.

ఇంట్లో అందరికీ వడ్డించి, మిగిలింది చివర్లో నిలబడే తినేసే ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లకి ఏ చిట్కా చెప్పినా లాభం లేదు, ముందు కంచం పెట్టుకుని అందరితోపాటు కూర్చోవాలి, పెరుగు గిన్నె ఖాళీ కాకముందే. శనివారం, సోమవారం ఒక్కపొద్దులు ఉండేవాళ్లు, కనీసం బరువు పెరిగేదాకా వాటిని తగ్గించుకోండి, కుదరదంటే ఆ రోజు పాలు, పళ్లు, పల్లీలతో లెక్క సరిచేయండి. ఏ దేవుడూ ఏమీ అనుకోడు.

నిద్ర ఏడెనిమిది గంటలు. రాత్రి రెండింటి దాకా ఫోన్ చూసి, పొద్దున పదింటికి లేచి టిఫిన్ ఎగ్గొట్టేవాడికి రోజులో ఒక పూట పోయినట్టే, వారానికి ఏడు పూటలు.

ఏడో మెట్టు: తిన్నది కండగా మారాలంటే

వ్యాయామాన్ని వదిలేస్తే తిన్నదంతా పొట్టగా మారుతుంది. మన వాళ్ల శరీరం తీరు అలాంటిది, సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు పేరుకుంటుంది. పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్‌కిన్ 2004లో తమ ఇద్దరి వివరాలే లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. కానీ యుడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. కాళ్లు చేతులు పుల్లల్లా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన మనుషులు మన వీధిలోనే ఎంతమంది ఉన్నారో చూడండి.

వారానికి మూడు రోజులు, ముప్పావు గంట చాలు. జిమ్ కుదరకపోతే బస్కీలు, దండీలు, పుస్తకాలు నింపిన బ్యాగుని నడుం వంచి పొట్ట దగ్గరకి లాగడం, అదే బ్యాగు భుజాల పైకి ఎత్తడం. దండీలు రాకపోతే గోడకి చేతులు ఆనించి, తర్వాత మంచానికి, తర్వాత నేల మీద. ప్రతిదీ మూడు విడతలు, విడతకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు. చివరి రెండు సార్లు కష్టంగా అనిపించాలి, హాయిగా అయిపోతుంటే బ్యాగులో ఇంకో పుస్తకం వేయండి. కండ పెరగడానికి అసలు కిటుకు ఇదే, వారం వారం మీరు ఎత్తే బరువు కొంచెం పెరుగుతూ పోవాలి. నాలుగు నెలల క్రితం ఎత్తిన డంబెల్సే ఇప్పటికీ ఎత్తేవాళ్లు నాలుగు నెలల క్రితంలాగే ఉంటారు. జిమ్‌కి వెళ్తే బైసెప్స్ ఒక్కటే పట్టుకుని వేలాడకండి, కాళ్లు, వీపు, ఛాతీ పెద్ద కండరాలు, బరువు పెరిగేది అక్కడ. రోజూ గంటలకొద్దీ పరుగు ఈ కొన్నాళ్లు వద్దు, సాయంత్రం షటిల్, క్రికెట్ ఆడుకుంటే ఏం కాదు, ఆకలి పుడుతుంది.

ఎనిమిదో మెట్టు: వీటి జోలికి పోవద్దు

మెడికల్ షాపులో కవర్లో కట్టి ఇచ్చే చిన్న చిన్న బిళ్లలు రెండు రకాలు. ఒకటి డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్. రెండు మూడు వారాల్లో బుగ్గలు నిండుతాయి, అందరూ "బాగా ఒళ్లు చేశావే" అంటారు, మీకూ సంతోషమే. కానీ వచ్చింది నీరు, కొవ్వు. కండ కరిగిపోతుంది, చేతులు కాళ్లు ఇంకా సన్నబడతాయి, షుగర్, బీపీ వస్తాయి, ఎముకలు గుల్లబారతాయి. ఇంకా ఘోరం ఏమిటంటే, నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపేసినా ప్రమాదమే, ఎందుకంటే ఈలోపు శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారు చేసుకోవడం తగ్గించేస్తుంది. ఇప్పటికే వాడుతుంటే ఇది చదివి భయపడి చెత్తబుట్టలో వేయకండి, ఆ బిళ్లల కవరు పట్టుకుని డాక్టర్ దగ్గరకి వెళ్లండి, మెల్లగా తగ్గించే పద్ధతి వాళ్లు చెప్తారు.

రెండోది సైప్రోహెప్టాడిన్. ఇది అలర్జీ మందు, ఆకలి పుట్టించడం దాని పక్క గుణం. మత్తుగా, నిద్రగా ఉంటుంది, బండి నడిపేవాళ్లకి మరీ చెడ్డది, ఆపేస్తే ఆకలీ పోతుంది. డాక్టర్ రాస్తే సరే, షాపువాడు రాస్తే వద్దు.

పేరూ ఊరూ లేని డబ్బాల్లో "నెలలో పది కిలోలు, సైడ్ ఎఫెక్ట్స్ లేవు" అని అమ్మే పొడులు కొనకండి. ఆయుర్వేదం అని పైన రాసినంత మాత్రాన లోపల ఏముందో తెలియదు, ఇలాంటి వాటిలో స్టెరాయిడ్లు బయటపడ్డ సందర్భాలున్నాయి. నెలకి పది కిలోలు ఆరోగ్యంగా పెరిగే దారి ఎవరి దగ్గరా లేదు. బీరు తాగితే ఒళ్లొస్తుందని స్నేహితులు చెప్తారు, వచ్చేది పొట్ట. రోజూ పిజ్జా, బజ్జీలు, కూల్‌డ్రింకులతో కూడా బరువు పెరుగుతారు, ముప్పై దాటాక ట్రైగ్లిజరైడ్ల (రక్తంలో కొవ్వు) రిపోర్టు చూసుకుని మళ్లీ తగ్గడానికి వేరే పద్ధతి వెతుక్కోవాలి.

తొమ్మిదో మెట్టు: వారానికోసారి తూకం

పొద్దున లేచి, టాయిలెట్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఎప్పుడూ ఒకే మిషన్ మీద. రోజూ చూడకండి, ఒంట్లో నీళ్లు అటూ ఇటూ అయి కిలో దాకా తేడా చూపిస్తుంది, ఊరికే బుర్ర పాడు. వారానికి పావు కిలో నుంచి అర కిలో పెరిగితే సరిగ్గా వెళ్తున్నారు. దాంతోపాటు బొడ్డు దగ్గర టేప్ పెట్టి కొలవండి. బరువు ఒక కిలో పెరిగి నడుము మూడు సెంటీమీటర్లు పెరిగిందంటే వ్యాయామం ఎగ్గొడుతున్నారని.

పుస్తకం లెక్క ప్రకారం 7,700 కేలరీలకి ఒక కిలో. అంటే రోజుకి 430 చొప్పున పద్దెనిమిది రోజులకి ఒక కిలో రావాలి. అసలులో అంత రాదు, దీనికి కారణం ఉంది. 1999లో అమెరికాలో మేయో క్లినిక్ పరిశోధకులు 16 మందికి ఎనిమిది వారాలు రోజూ వెయ్యి కేలరీలు ఎక్కువ పెట్టారు. ఒకరికి కొవ్వు 360 గ్రాములు మాత్రమే పెరిగింది, ఇంకొకరికి 4.23 కిలోలు. తేడా ఎక్కడంటే, కొందరు ఎక్కువ తిన్నకొద్దీ తెలియకుండానే ఎక్కువ కదులుతారు, కాళ్లు ఊపుతారు, లేచి తిరుగుతారు, కుదురుగా కూర్చోరు. అలా తిన్నది ఖర్చైపోతుంది. కాబట్టి "ఒంటికి పట్టదు" అనే మాటలో కాస్త నిజం లేకపోలేదు. అలాంటి వాళ్లు చేయాల్సిందల్లా, మూడు వారాలు చూసినా ముల్లు కదలకపోతే ఇంకో 200 కలపడం. రెండు గుడ్లు, ఇంకో స్పూన్ నెయ్యి. మళ్లీ మూడు వారాలు చూడటం.

పరీక్షలు బాగానే వచ్చి, లెక్క తప్పకుండా మూడు నెలలు చేసినా కిలో కూడా రాకపోతే మళ్లీ డాక్టర్‌నే కలవండి, ఈసారి మీరు రాసుకున్న నోట్స్, వారం వారం తూకాలు వెంట తీసుకెళ్లండి. "బాగానే తింటున్నానండి" అనే మాట కంటే ఆ కాగితం డాక్టర్‌కి వందరెట్లు పనికొస్తుంది.

మన హాస్టల్ కుర్రాడు ఎక్కడా తప్పకపోతే 48 నుంచి 53.5కి చేరడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. మధ్యలో పరీక్షలో, జ్వరమో వచ్చి కిలో తగ్గితే మళ్లీ మొదటికొచ్చిందని ఏడవక్కర్లేదు, తగ్గింది తొందరగానే తిరిగి వస్తుంది. ఆ బరువు చేరాక రాత్రి పాలో, పల్లీలో ఏదో ఒకటి మానేసి నెల రోజులు చూడాలి, నిలకడగా ఉంటే ఆ తిండితోనే కొనసాగొచ్చు, తగ్గుతుంటే మళ్లీ మొదలుపెట్టాలి. వ్యాయామం మాత్రం వారానికి రెండు రోజులైనా ఉండాల్సిందే.